అప్‌డేట్: డిస్క్ లేకపోయినా తెరపై అక్షరాలు ఎలా వస్తున్నాయి?

ఎస్‌ఎస్‌డీ (డేటా దాచే డిస్క్) తీసేసిన కంప్యూటర్‌లో సెట్టింగులు మార్చుకునే సెటప్ తెర ఎక్కడి నుంచి వస్తుందని ఇంతకుముందు అడిగాను. జవాబు మదర్‌బోర్డు మీదే ఉంది. సాధారణంగా 16 లేదా 32 మెగాబైట్లు పట్టే, ఎనిమిది కాళ్ల చిన్న ఫ్లాష్ చిప్‌లో యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్, అంటే కంప్యూటర్‌ను మొదట లేపే ప్రోగ్రామ్, నిల్వ ఉంటుంది. పవర్ అందగానే ఆ కోడే ర్యామ్‌ను సిద్ధం చేసి, కీబోర్డు వంటి పరికరాలను గుర్తించి, డిస్క్‌లోని బూట్ లోడర్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్‌ను) వెతికి దానికి పగ్గాలు అప్పగిస్తుంది. డిస్క్ లేకపోతే తన సెటప్ తెర దగ్గరో, ఒక హెచ్చరిక దగ్గరో ఆగిపోతుంది.

అంటే ఫర్మ్‌వేర్ కూడా సాఫ్ట్‌వేరే, కాకపోతే ఫలానా బోర్డును దృష్టిలో పెట్టుకుని రాసినది కాబట్టి ఇంకో మోడల్‌కు ఎక్కిస్తే ఆ బోర్డు అసలు లేవకపోవచ్చు. నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించినది వేరే ఉంది: నేను తీసి పక్కన పెట్టిన ఎస్‌ఎస్‌డీలోనూ దాన్ని నడిపే చిప్ అయిన కంట్రోలర్‌కు సొంత ఫర్మ్‌వేర్ ఉంటుందట. ఏ డేటా ఏ ఫ్లాష్ బ్లాకులోకి వెళ్లాలో అదే నిర్ణయిస్తుంది, ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఆ అమరిక కనిపించదు.