సోలార్ పంపులు ముందా, నీళ్ల లెక్క ముందా?

సీమబిడ్డ: 2030కల్లా శిలాజేతర (బొగ్గు, గ్యాస్ లాంటివి కాని) విద్యుత్తు 500 గిగావాట్లు, 2070కల్లా నెట్ జీరో (గాల్లోకి వదిలే కర్బనం, తిరిగి పీల్చుకునేది సమానం) అని 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో మన దేశం మాటిచ్చింది. సంతోషమే. కానీ ప్రపంచంలో భూగర్భ జలాన్ని అందరికన్నా ఎక్కువగా తోడేది మనమే. అమెరికా, చైనా కలిపి తోడేదానికన్నా ఎక్కువ! 2019 నుంచి కుసుమ్ పథకం కింద సోలార్ పంపులిస్తున్నారు. కరెంటు బిల్లు లేదు, డీజిల్ ఖర్చు లేదు, ఎండ ఉన్నంతసేపూ మోటారు ఆడుతుంది. బోరులో నీళ్లెన్నున్నాయో ఎవరు చూస్తున్నారు? నా మాట ఒకటే: ముందు నీళ్ల లెక్క, ఆ తర్వాతే పంపు.

పాలమూరు రైతు: తమ్మీ, కాలువ లేని ఊళ్లె బోరే దిక్కు. రాత్రి కరెంటుకు బాయికాడికి పోయి పాము కాటుకు పోయినోళ్లను చూసినం. సోలారంటే పగటి కరెంటు, అది వద్దంటే ఎట్ల? సర్కారు మద్దతు ధరకు గట్టిగ కొనేది వరి, గోధుమలే. జొన్నలు, కందులు గట్లనే కొంటే మేం వరి ఎందుకేస్తం?

రిటైర్డ్ ఇంజినీర్: పంపును కరెంటు గ్రిడ్‌కు కలిపితే వాడని కరెంటు అమ్ముకోవచ్చు, అంటే నీళ్లు పొదుపు చేసినవాడికే లాభం. గుజరాత్ ఖేడా జిల్లా ఢుండిలో రైతులు సహకార సంఘం పెట్టుకుని మిగిలిన సోలార్ కరెంటు అమ్ముకున్నారు. కాబట్టి సౌరశక్తికీ నీటికీ పోటీ పెట్టకండి.

సీమబిడ్డ: సార్, ఢుండి పద్ధతి నాకూ నచ్చింది. కానీ గ్రిడ్‌కు కలపని పంపుకు ఆ ఆశ ఉండదు కదా. మా అనంతపురంలో కిందంతా రాయి, ఏడాది వాన 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. ఊరిన నీరే మాకు దిక్కు. పాలమూరన్నా, కొనుగోలు సంగతి నువ్వన్నదే నిజం, పంపుకన్నా ముందు అదే రావాలి. ఇంకొకటి గుర్తు చేస్తా. ఉమ్మడి రాష్ట్రంలో ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ సాయంతో మీ జిల్లా, మా జిల్లా సహా ఏడు కరువు జిల్లాల రైతులే వాన కొలిచారు, బావి మట్టం కొలిచారు, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీటికి తగ్గ పంటేదో లెక్క వేసుకున్నారు. వరి వేయొద్దని ఎవరూ శాసించలేదు. మరి భూగర్భ జలాల కోసం కేంద్రం తెచ్చిన అటల్ భూజల్ యోజన ఏడు రాష్ట్రాలకే మొదలైంది, అందులో మన రెండూ లేవు. నాకు కోపం అక్కడే.

పాలమూరు రైతు: లెక్క సరే. పక్క చేనాయన ఇంకో బోరేస్తే ఆపేదెవరు? 2002 నుంచి వాల్టా (నీళ్లు, నేల, చెట్ల) చట్టం ఉన్నది గదా.

సీమబిడ్డ: చట్టం ఒక్కటే ఆపలేదన్నా. అందరి బావి మట్టమూ పంచాయతీ గోడ మీద రాసి ఉంటే ఊరే అడుగుతుంది. పంపు మంజూరుకు ఆ లెక్కను షరతుగా పెట్టమంటున్నా.