అమ్మ డబ్బు అమ్మ పేరు మీదే ఉన్న కొత్త ఆన్‌లైన్ ఖాతాకి పంపుతుంటే బ్యాంకు ఆపేసింది. ఏం చేయాలి?

కరకట్ట (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర. నాన్నగారు పోయాక ఊళ్ళో స్థలం అమ్మేశాం. అమ్మ వాటా డబ్బు ఆవిడ పింఛను పడే పాత ఖాతాలో ఉంది, ప్రభుత్వ రంగ బ్యాంకు. బ్యాంకు మూతపడితే డబ్బు తిరిగిచ్చే డిపాజిట్ ఇన్సూరెన్స్ ఒక బ్యాంకులో ఒక మనిషికి అసలూ వడ్డీ కలిపి 5 లక్షల దాకానే కదా. అందుకని అంతా ఒక్కచోటే ఉంచకుండా నాలుగున్నర లక్షలు వేరే బ్యాంకులో ఎఫ్‌డీ వేద్దామనుకున్నాం. ఒక స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులో అమ్మ పేరు మీద ఆన్‌లైన్‌లో ఖాతా తెరిచాం. అమ్మ వీడియో కాల్‌లో పాన్ కార్డు చూపించింది, తెల్ల కాగితం మీద సంతకం పెట్టి కెమెరాకి పట్టింది. అక్కడ ఏ ఇబ్బందీ రాలేదు.

డబ్బు పంపబోతేనే మొదలైంది. కొత్త ఖాతాని బెనిఫిషియరీగా (డబ్బు అందుకునే ఖాతాగా) చేర్చి, దానికి బ్యాంకు పెట్టిన గడువు పూర్తయ్యేదాకా ఆగాం. తర్వాత మొత్తం ఒకేసారి పంపితే, భద్రతా కారణాల వల్ల లావాదేవీ ఆపేశామని మెసేజ్. కాసేపటికి మొబైల్ బ్యాంకింగే లాక్ అయిపోయింది. ఆ సాయంత్రం అమ్మకి ఫోన్. బ్యాంకు ఫ్రాడ్ విభాగం నుంచి అంటూ పుట్టిన తేదీ, కార్డు మీద చివరి నాలుగు అంకెలు చెప్పమన్నారట. అమ్మ భయపడి పెట్టేసింది. మళ్ళీ మోగితే ఫోన్ బోర్లించి దాని మీద దిండు పెట్టింది!

బ్రాంచికి వెళితే కౌంటర్‌లో అబ్బాయి "పైనుంచి ఆపారండీ, మా చేతిలో లేదు" అన్నాడు. "నా డబ్బు నా ఖాతాకే పంపుకుంటే నేనేదో దొంగతనం చేసినట్టు చూస్తారేంటే?" అని అమ్మ రాత్రంతా అదే మాట. నాకు చాలా బాధగా ఉంది. ఆవిడ జీవితంలో ఒకరి రూపాయి ముట్టుకోలేదు.

నా సందేహాలు ఇవి. ఆ ఫోన్ నిజంగా బ్యాంకుదేనా? మా కజిన్ 49 వేల చొప్పున ముక్కలు చేసి పంపమంటున్నాడు, పంపొచ్చా? లేదంటే ముందు నా ఖాతాకి వేసి, అక్కణ్ణుంచి అమ్మ కొత్త ఖాతాకి పంపితే? ఇంకొకటి, పాత పాస్‌బుక్‌లో అమ్మ ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ముందు ఉంటుంది. ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు చివర్న ఉంది. దాని వల్ల కూడా ఆపుతారా?

గోదావరి గట్టు:

అమ్మా, నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను. రాజమండ్రిలో ఉంటాను. ముందు మీ అమ్మగారికి ఒక మాట చెప్పండి. ఆవిడ దొంగ అని ఎవరూ అనుకోలేదు, ఆవిణ్ణి ఎవరో మోసం చేస్తున్నారేమోనని ఆపారు.

సిస్టమ్‌కి ఏం కనబడిందో చూడండి. ఏళ్ళ తరబడి నెలకోసారి పింఛను పడి, కొంచెం కొంచెంగా తీసుకునే ఖాతా. హఠాత్తుగా దాంట్లో పెద్ద మొత్తం పడింది. కొద్దిరోజులకే కొత్త బెనిఫిషియరీ చేరింది. ఆ అవతలి ఖాతా నిన్నగాక మొన్న తెరిచింది. మొదటి పంపకమే లక్షల్లో. ఖాతాదారు పెద్దావిడ. డిజిటల్ అరెస్ట్ అంటూ పెద్దవాళ్ళని గంటలకొద్దీ వీడియో కాల్‌లో కూర్చోబెట్టి డబ్బు లాగే ముఠాల కేసుల్లో అచ్చం ఇలాగే ఉంటుంది. ఖాతా ఆవిడ పేరు మీదే ఉంది కదా అంటారేమో. బాధితుల పేరు మీదే ఖాతా తెరిపించి, దాన్ని తమ చేతిలో పెట్టుకునే మోసగాళ్ళూ ఉన్నారు. అందుకే పేరొక్కటే చూసి వదలరు.

ముక్కలు చేసి పంపడం అస్సలు వద్దు. ఒకే ఖాతాకి వరసగా 49 వేలు, 49 వేలు వెళుతుంటే అనుమానం ఇంకా పెరుగుతుంది. మీ ఖాతా మీదుగా తిప్పడమూ వద్దు. పెద్ద మొత్తం వచ్చి వెంటనే బయటికి పోయే ఖాతాలనే మ్యూల్ ఖాతాలుగా, అంటే మోసపు డబ్బు దాటించే ఖాతాలుగా అనుమానిస్తారు. అప్పుడు మీ ఖాతా కూడా ఆగుతుంది. స్థలం డబ్బు ఆవిడ దగ్గర్నుంచి ఆవిడకే నేరుగా వెళ్ళినట్టు కాగితం మీద ఉండటం రేపు ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళు అడిగినా మంచిది.

చేయాల్సింది సులువే. అమ్మగారిని వెంటబెట్టుకుని బ్రాంచికి వెళ్ళండి. కౌంటర్‌లో కాదు, మేనేజర్ దగ్గర కూర్చోండి. పాస్‌బుక్, ఆధార్, పాన్, స్థలం అమ్మిన దస్తావేజు కాపీ, కొత్త బ్యాంకు ఖాతా వివరాల ప్రింటు పట్టుకెళ్ళండి. చెక్కుబుక్ ఉంటే అదీ. ఆర్టీజీఎస్ (పెద్ద మొత్తాలు బ్యాంకు నుంచి బ్యాంకుకి పంపే పద్ధతి) ఫారం నింపి ఇవ్వండి. 2 లక్షలు, ఆపైన అయితే ఆర్టీజీఎస్ వెళుతుంది. మేనేజర్ ఆవిడతో విడిగా మాట్లాడతానంటే మీరు బయట కూర్చోండి, నొచ్చుకోకండి. మీరే ఆవిణ్ణి ఒత్తిడి చేస్తున్నారేమో అని కూడా చూడాలి కదా.

ఫోన్ సంగతి. బ్యాంకులు సర్వీసు కాల్స్‌కి 1600తో మొదలయ్యే నంబర్లే వాడాలని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో చెప్పింది. అయినా నంబరు చూసి నమ్మొద్దు. ఎవరు చేసినా "నేనే తిరిగి చేస్తాను" అని పెట్టేసి, డెబిట్ కార్డు వెనక ఉన్న నంబరుకి మీరే చేయండి. అమ్మగారు ఫోన్ పెట్టేసి చాలా మంచి పని చేశారు.

ఇందూరు వాసి:

సార్ చెప్పింది పంపే వైపు. అక్క, అవతలి వైపు కూడా చూసుకోండి. మా బాపు పొలం అమ్మిన పైసలు కొత్త ఆన్‌లైన్ ఖాతాలో వేస్తే డబ్బు పడింది గానీ తీయనియ్యలేదు. పైసలు ఎక్కడివి అని మెయిల్ పెట్టారు. దస్తావేజు, మొదట పైసలు పడిన ఖాతా స్టేట్‌మెంట్ పంపితే ఆ అడ్డు తీసేశారు. మీరు పంపకముందే ఆ బ్యాంకు కస్టమర్ కేర్‌కి చేసి "ఇంత మొత్తం వస్తుంది, స్థలం అమ్మిన డబ్బు" అని చెప్పి రిఫరెన్స్ నంబరు తీసుకోండి.

ఇంకొకటి, మీ ఖాతా వీడియో కేవైసీతో, అంటే వీడియో కాల్‌లో మనిషినీ పత్రాలనీ చూసి తెరిచింది కాబట్టి పర్వాలేదు. ఒట్టి ఆధార్ ఓటీపీతో తెరిచిన ఖాతా అయితే నిల్వ లక్ష దాటకూడదు, ఆర్థిక సంవత్సరం మొత్తంలో పడే డబ్బు 2 లక్షలు దాటకూడదు. చాలామంది వీడియో కాల్ సగంలో కట్ అయినా ఖాతా నంబరు వచ్చింది కదా అనుకుంటారు. యాప్‌లో "ఫుల్ కేవైసీ" అని ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

పెన్నా తీరం:

పేరు గురించి నేను చెబుతాను. ఇదివరకు నెఫ్ట్ (ఇదీ బ్యాంకుల మధ్య డబ్బు పంపే పద్ధతే), ఆర్టీజీఎస్ ఖాతా నంబరు చూసే వెళ్ళేవి. ఇప్పుడు డబ్బు పంపేముందు అవతలి ఖాతాదారు పేరు బ్యాంకు మనకి చూపించాలి. 2025 ఏప్రిల్ 1 కల్లా బ్యాంకులన్నీ ఆ సౌకర్యం పెట్టాలని రిజర్వు బ్యాంకు గడువిచ్చింది. అక్కడ కనబడే పేరుని ఉన్నదున్నట్టు ఫారంలో రాయండి, పాస్‌బుక్‌లో పొడి అక్షరం చూసి రాయొద్దు. మన ఇంటిపేర్లు ముందోసారి వెనకోసారి ఉండటం బ్రాంచి వాళ్ళకి కొత్తేం కాదు. వీలైతే అదే రోజు పాత ఖాతాలోనూ ఆధార్ ప్రకారం పేరు మార్చమని అప్లికేషన్ ఇచ్చేయండి.

ముందు చిన్న మొత్తం పంపి చూడండి, చేరాక మిగతాది.

కరకట్ట:

మీ ముగ్గురికీ చాలా థాంక్స్. పని అయింది. మేనేజర్ గారు అమ్మని లోపల కూర్చోబెట్టి, ఎవరైనా ఫోన్‌లో చెప్పారా, ఎవరైనా రహస్యంగా ఉంచమన్నారా అని నెమ్మదిగా అడిగారట. అమ్మ దస్తావేజు తీసి, హద్దులతో సహా చదివి వినిపించింది! ముందు వెయ్యి రూపాయలు పంపి, చేరిందని చూపించాక మిగతాది ఆర్టీజీఎస్ చేశారు. మేం బ్రాంచిలో ఉండగానే కొత్త ఖాతాలో పడినట్టు మెసేజ్ వచ్చింది. మొబైల్ బ్యాంకింగ్ కూడా తెరిచారు.

కానీ ఒక్క విషయం నాకు మింగుడుపడటం లేదు. కార్డు వెనక నంబరుకి చేసి కనుక్కుంటే ఆ సాయంత్రం ఫోన్ నిజంగా బ్యాంకుదేనట. ఓటీపీ, కార్డు వివరాలు ఎవరికీ చెప్పొద్దని రోజూ మెసేజ్‌లు పెట్టేది వాళ్ళే. తెలియని నంబరు నుంచి చేసి కార్డు అంకెలు అడిగేదీ వాళ్ళేనా? మా అమ్మలాంటి ఆవిడకి తేడా ఎలా తెలియాలి? డబ్బు ఆపినందుకు నాకు కోపం లేదు, ఆపాలి. ఎందుకు ఆపారో, విడిపించుకోవడానికి ఎక్కడికి రావాలో ఆ మెసేజ్‌లోనే తెలుగులో రెండు ముక్కలు రాస్తే ఆవిడకి ఆ రాత్రి నిద్ర పట్టేది. దీని మీద రాతపూర్వకంగా ఫిర్యాదు ఇద్దామనుకుంటున్నాను. ఎవరికివ్వాలి?

గోదావరి గట్టు:

తప్పకుండా ఇవ్వమ్మా. ముందు బ్యాంకుకే, వాళ్ళ వెబ్‌సైట్‌లో కంప్లయింట్ పెట్టి నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లోనే పంపొచ్చు, రూపాయి ఖర్చుండదు. లావాదేవీ ఆపడం మీద రాయకండి, అది వాళ్ళ బాధ్యత అంటారు. ఇలా రాయండి: "ఫలానా తేదీన ఫలానా నంబరు నుంచి మీ సిబ్బంది మా అమ్మగారికి ఫోన్ చేసి కార్డు అంకెలు అడిగారు. ఆమె వయసు పైబడిన ఖాతాదారు. ఫోన్‌లో వివరాలు అడగకుండా, యాప్‌లో గానీ మెసేజ్‌లో గానీ కారణం చెప్పి బ్రాంచికి రమ్మనే పద్ధతి పెట్టాలని కోరుతున్నాం." కింద అమ్మగారి సంతకం ఉండాలి, ఖాతా ఆవిడది కాబట్టి.