గుయ్‌మనడం వేరు, బర్రుమనడం వేరు

ఆంప్‌లలో వచ్చే హమ్, బజ్, హిస్ లాంటి చప్పుళ్లకి తెలుగులో మాటల్లేవు, కొత్తగా పుట్టించాలి అని మొన్న ఇక్కడ ఒకరు రాశారు. లేకపోవడమేంటండీ, పోయిన నెలంతా నేను ఆ మాటల మధ్యే ఉన్నాను.

బాస్ గిటార్ కోసం పాత అమెరికా ప్రీయాంప్ (గిటార్ నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని ముందుగా పెంచే పెట్టె) ఒకటి కొన్నాను. లోపల రెండు 12ఏఎక్స్7 వాల్వులు (సిగ్నల్‌ని పెంచే గాజు బుడ్లు, అమెరికాలో ట్యూబ్ అంటారు గానీ మనకి రేడియోల నుంచి వాల్వే అలవాటు). విజయవాడ గవర్నర్‌పేటలో వాల్వు రేడియోల కాలం నుంచి రిపేర్లు చేస్తున్న పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే, మూత కూడా తీయకుండా మన కరెంటుని అమెరికా వోల్టేజికి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌కి తగిలించి కాసేపు కళ్లు మూసుకుని విని, "రెండున్నాయి బాబూ, కింద గుయ్‌మంటోంది, దాని మీద బర్రుమంటోంది" అన్నారు.

బర్రుమనేది 100 హెర్ట్జ్ (సెకనుకి వంద ఊపులు), ఏసీని డీసీ చేశాక మిగిలిపోయే అల. ఆ అలని చదును చేసే ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోయాయి, వాటిని మార్చగానే అది పోయింది. గుయ్ మాత్రం అలాగే ఉంది. అది 50 హెర్ట్జ్, వాల్వుల్ని లోపల వేడిచేసే హీటర్లకి వెళ్లే 6.3 వోల్టుల ఏసీ నుంచి వస్తోంది, ఆ హీటర్లని డీసీకి మార్చాక గానీ అణగలేదు. బాస్‌కి ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే లావు తీగ మీద మూడో మెట్టు (వీణకి అన్నట్టే అంటున్నాను) 49 హెర్ట్జ్, పక్కనే 50 గుయ్‌మంటూ ఉంటే స్వరం సెకనుకోసారి పొంగి తగ్గుతుంది.

వాల్యూమ్ తిప్పితే చిటపటలాడేది దుమ్ము వల్ల. మిగిలింది బుస, అది కొంచెం ఉంటుంది, ఉండనివ్వమన్నారు.

ఇప్పుడు అసలు విషయం. తెగకుండా సాగే శబ్దానికి ఒంటి మాట, దానికి "మను": గుయ్‌మను, బర్రుమను. తెగి తెగి వచ్చేదానికి జంట మాట, దానికి "లాడు": చిటపటలాడు, గలగలలాడు. మాట ఒంటిదా జంటదా అన్నదాన్ని బట్టే ఆయన చెయ్యి ఎటు పోవాలో తేలిపోయింది.

— గుంటూరు నుంచి. బాగుంది అన్నా, కానీ ఘల్లుమంది, ఢామ్మంది, టప్పుమంది సంగతేంటి? అవి సాగవుగా, క్షణంలో అయిపోతాయి. పైగా గణగణమంది అని కూడా అంటాం, అది జంట మాటేగా.

— నిజమే తమ్ముడూ, తొందరపడ్డాను. ఆ కండెన్సర్లలో స్విచ్ ఆపాక కూడా వందల వోల్టులు నిలిచి ఉంటాయి, పెద్దాయన రెసిస్టర్ ద్వారా నెమ్మదిగా దించారు కాబట్టి చప్పుడు రాలేదు, స్క్రూడ్రైవర్ ఆనించి ఉంటే టప్పుమనేదే. కాబట్టి ఇలా మారుస్తాను: శబ్దం ఒకే ముక్కగా ఉంటే, అది క్షణమైనా గంటైనా, ఒంటి మాటే. ముక్కలైతే జంట మాట. "మను" రెండింటికీ వస్తుంది, "లాడు" మాత్రం జంటకే. ఒంటి మాటకి "లాడు" తగిలిన ఉదాహరణ నాకైతే ఒక్కటీ తట్టలేదు, మీకు దొరికితే పెట్టండి.

ఇంకొకటి అడగాలి. వాల్వుని పెన్సిల్‌తో మెల్లగా కొడితే ఆ దెబ్బ స్పీకర్లో గంటలా మోగి కాసేపు సాగుతుంది, లోపలి రేకులు వదులైన వాల్వుకి అలా అవుతుంది. పెద్దాయన దాన్ని "గంయ్‌మంటోంది" అన్నారు. గుంటూరులో మీ రిపేరు షాపుల్లో దీన్ని ఏమంటారు?