డబుల్ బాస్ లైవ్‌లో వాయించేవాళ్లు కాస్త చెప్పండి: పికప్, తీగలు, ఇన్సూరెన్స్

మంద్రం_తార్నాక:
అందరికీ నమస్తే. పదేళ్లుగా బాస్ గిటార్ వాయిస్తున్నాను, ఆరు నెలల కింద ఒక సెకండ్ హ్యాండ్ డబుల్ బాస్ (నిలబెట్టి వాయించే, వయొలిన్ ఆకారపు పెద్ద వాద్యం) కొన్నాను. త్రీ ఫోర్త్ సైజు, పైపలక నిజమైన చెక్క, పక్కలూ వెనకా ప్లై. సికింద్రాబాద్‌లో చర్చి ఆర్కెస్ట్రాలో వాయించిన ఒక పెద్దాయన మోకాళ్ల నొప్పులతో ఇక నిలబడలేనని అమ్మేశారు. ఇంట్లో మీటితే కింది ఫ్లాట్ వాళ్ల స్టీలు గిన్నెలు కూడా పలుకుతాయి. స్టేజి ఎక్కితేనే పరువు పోతోంది.

మొన్న బంజారాహిల్స్‌లో చిన్న ప్రోగ్రాం. బ్రిడ్జి (తీగల్ని పైకెత్తి పట్టే చెక్క) రెక్కలో దూర్చిన పాత పీజో పికప్ (చెక్క ఊపుని కరెంటుగా మార్చే బిళ్ల) ఒకటి దీంతోపాటే వచ్చింది. సౌండ్ అబ్బాయి కేబుల్ తీసి నేరుగా డీఐ బాక్సులో (వాద్యాన్ని మిక్సర్‌కి కలిపే డబ్బా) గుచ్చాడు. రేకు డబ్బాకి రబ్బరు బ్యాండు కట్టి లాగినట్టు టంగు టంగుమని వచ్చింది. కొంచెం బాస్ పెంచు భాయ్ అన్నాను, పెంచాడు, ఊఁ... అని ఒకటే ఊళ. సింగర్ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

డిసెంబర్‌లో గచ్చిబౌలి దగ్గర లాన్‌లో రిసెప్షన్ ఒప్పుకున్నాం. డ్రమ్స్, కీబోర్డ్, సాక్సోఫోన్, ఇద్దరు సింగర్లు. కొత్త పికప్ కొనాలా? తీగలు ఎన్నేళ్లనాటివో పెద్దాయనకే తెలియదు, మార్చాలా? ఇంకా, దీనికి ఇన్సూరెన్స్ ఎవరైనా చేస్తారా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

నాలుగో_తీగ:
పికప్ కొనకు తమ్ముడూ, ఆగు. నీ పికప్ బాగానే ఉండి ఉంటుంది, గుచ్చిన చోటే తప్పు.

పీజో అంటే కరెంటు లెక్కలో ఒక చిన్న కెపాసిటర్. అది ఏ ఇన్‌పుట్‌కి తగిలిస్తే ఆ ఇంపీడెన్స్‌ని (కరెంటుని అది ఎంత అడ్డుకుంటుందో దాన్ని) బట్టి కింది స్వరాలు నిలబడతాయి, లేదా జారిపోతాయి. ఉదాహరణకి 2 నానోఫారడ్ల పికప్ అనుకో. మామూలు పాసివ్ డీఐ బాక్సు ఇన్‌పుట్ 140 కిలోఓమ్‌ల దగ్గర ఉంటుంది. లెక్క కడితే దాదాపు 570 హెర్ట్జ్ నుంచి కిందికి సౌండు తగ్గుతూ వస్తుంది. మన 'ఈ' (E) తీగ 41 హెర్ట్జ్, అన్నిటికంటే పైనున్న జి తీగ కూడా 98 మాత్రమే. అంటే నువ్వు వాయించింది దాదాపు ఏదీ బయటికి రాలేదు, పైన వేళ్ల చప్పుడు, మూలుగు, అదే వినిపించింది. అదే పికప్‌ని 1 మెగాఓమ్‌కి తగిలిస్తే ఆ గీత 80 హెర్ట్జ్ దగ్గరికి దిగుతుంది, 10 మెగాఓమ్‌లకి అయితే 8కి. అందుకే ఎల్ ఆర్ బ్యాగ్స్ పారా డీఐ లాంటివాటిలో ఇన్‌పుట్ 10 మెగాఓమ్‌లు పెడతారు.

కాబట్టి ముందు పీజో కోసం చేసిన ప్రీయాంప్ (మిక్సర్‌కి ముందు సిగ్నల్‌ని సిద్ధం చేసే చిన్న డబ్బా) ఒకటి కొను. అందులో ఫేజ్ స్విచ్ (సిగ్నల్‌ని తలకిందులు చేసేది), హై పాస్ ఫిల్టర్ (మరీ కింది సౌండుని కోసేది) లేదా నాచ్ (ఒక్క స్వరాన్నే కోసేది) ఉండాలి. పికప్ నుంచి ప్రీయాంప్‌కి కేబుల్ పొట్టిగా ఉంచు, నడుముకో టెయిల్‌పీస్‌కో (తీగల కింది కొసలు పట్టే చెక్క) తగిలించుకున్నా సరే. ప్రీయాంప్ నుంచి మిక్సర్‌కి ఎంత పొడుగైనా ఫర్లేదు.

ఫేడర్_భాయ్:
నేను అవతలి వైపు మనిషిని, మిక్సర్ దగ్గర కూర్చునేవాణ్ని. మా పిల్లల్ని మరీ తిట్టకండి, పెళ్లిలో నలభై వైర్లు లాగి, జనరేటర్ వాడితో గొడవపడి, ఆ టైముకి పైకొచ్చేసరికి ఒకాయన ఆరడుగుల వాద్యం పట్టుకుని నిలబడతాడు. చాలామంది దాన్ని దగ్గర్నుంచి చూసింది లేదు. సౌండ్ చెక్‌కి అరగంట ముందే వచ్చి "ఇది పీజో, నా ప్రీయాంప్ నుంచే తీసుకోండి" అని నవ్వుతూ చెప్తే చాలు.

ఊళ సంగతి. బాస్ పెట్టె మొత్తం ఒక చెవి. స్పీకర్ సౌండుకి పైపలక ఊగుతుంది, ఆ ఊపుని పికప్ పట్టుకుంటుంది, మళ్లీ స్పీకర్‌కి పంపుతుంది. ఎక్కువగా 'ఏ' (A), 'డి' (D) ఖాళీ తీగల చుట్టుపక్కలే మొదలవుతుంది. అప్పుడు అందరూ చేసే పని వాల్యూమ్ తగ్గించడం. నేనైతే ముందు ఫేజ్ స్విచ్ తిప్పిస్తాను, చాలాసార్లు ఆ ఒక్కదానితోనే ఆగిపోతుంది. తర్వాత హై పాస్ 35, 40 దగ్గర మొదలుపెట్టి పైకి జరుపుతాను, 60 దాకా వెళ్లినా లాన్‌లో కూర్చున్న చుట్టాలకి తేడా తెలియదు, పైగా బాస్ ఇంకా శుభ్రంగా వినిపిస్తుంది. ఇక కూస్తున్న ఆ ఒక్క స్వరాన్ని నాచ్‌తో కోయడమే. యాంప్ ఉంటే బాస్ వెనకాల పెట్టొద్దు, పక్కన కుర్చీ మీద పెట్టండి. పెళ్లి స్టేజీలు చెక్క పలకలు, కింద అంతా బోలు, ఎండ్‌పిన్ (బాస్ కింద నేలకి ఆనే కడ్డీ) గుండా స్టేజి ఊపు మొత్తం పెట్టెలోకి ఎక్కుతుంది. పిన్ కింద మందపాటి రబ్బరు ముక్క వేసుకోండి.

కమాను_పిచ్చి:
అందరూ పీజో, పీజో అంటున్నారు. కమానుతో వాయించి చూడండి, పీజోలో దోమ చెవిలో దూరినట్టు ఉంటుంది. నేను డీపీఏ 4099 క్లిప్ మైకు వాడతాను, చెక్క వాసన కూడా వినిపిస్తుంది.

ఫేడర్_భాయ్:
రవీంద్రభారతిలో చిన్న ఛాంబర్ గ్రూపుకి అయితే మీ మాటే కరెక్టు. పక్కన డ్రమ్మర్ ఉంటే ఆ మైకులో స్నేర్ డ్రమ్ ముందు, మీ బాస్ వెనక. ఫాంటమ్ పవర్ (మైకుకి మిక్సర్ నుంచి పోయే కరెంటు) కూడా కావాలి, చిన్న మిక్సర్లలో ఆ బటన్ నొక్కితే అన్ని చానెళ్లకీ పోతుంది. రెండూ కలపండి: కింద పికప్, దాదాపు 200 హెర్ట్జ్ పైన మైకు. కలిపేటప్పుడు ఒకదాని ఫేజ్ తిప్పి, ఏది నిండుగా ఉంటే అది ఉంచుకోండి.

మంద్రం_తార్నాక:
అయ్యబాబోయ్, 570 హెర్ట్జ్ లెక్క చూశాక అంతా అర్థమైంది. ప్రీయాంప్ ఆర్డర్ పెట్టాను. తీగల గురించి కూడా చెప్పండి. అమెరికాలో ఉన్న మా బావ ఒక సెట్ తెస్తానన్నాడు, దాని మీద సోలో అని ఉందట.

నాలుగో_తీగ:
బావకి ఇప్పుడే ఫోన్ చెయ్! సోలో సెట్ అంటే ఒక స్వరం పైన శ్రుతి చేసుకునేవాళ్లకి, ఎఫ్ షార్ప్, బి, ఈ, ఏ. దాన్ని మామూలు ఈ, ఏ, డి, జి (E, A, D, G) కి దించితే తాడు వదులైనట్టు ఊగుతుంది. నీకు కావాల్సింది ఆర్కెస్ట్రా ట్యూనింగ్, త్రీ ఫోర్త్ సైజు.

మీటి వాయించడమే ఎక్కువైతే థొమాస్టిక్ స్పైరోకోర్. స్టీలు తాడు గర్భం, స్వరం చాలాసేపు నిలుస్తుంది, ఏళ్ల తరబడి వస్తాయి. గట్టిగా ఉన్నాయనిపిస్తే అందులోనే వైఖ్ అని పలచటిది ఉంది. కొత్తలో కమానుకి అస్సలు లొంగవు. రెండూ కావాలంటే డడారియో హెలికోర్ హైబ్రిడ్ లాంటివి మధ్యస్థంగా ఉంటాయి. గట్ తీగల జోలికి వెళ్లకు, మన జులై తేమకీ ఏప్రిల్ ఎండకీ శ్రుతి పెట్టుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది. ఇంకోటి, మాగ్నెటిక్ పికప్ ఎప్పుడైనా కొంటే స్టీలు తీగలకే పలుకుతుంది.

పాత తీగల్ని పారేయకు. 'ఈ' (E) తీగ తెగితే ఆదివారం రాత్రి హైదరాబాద్ మొత్తం తిరిగినా దొరకదు.

బోయిన్‌పల్లి_బాస్:
నా తప్పు నుంచి నేర్చుకోండి. నాలుగు తీగలూ ఒకేసారి విప్పేశాను, తీరిగ్గా తుడుద్దామని. లోపల టక్ మని ఏదో పడింది. సౌండ్ పోస్ట్. అది జిగురుతో అతికించింది కాదు, పైపలకకీ వెనకపలకకీ మధ్య బిగువుతో నిలబడే చిన్న చెక్క కడ్డీ. తీగల బరువు తీసేస్తే పడుతుంది. దాన్ని నిలబెట్టకుండా మళ్లీ తీగలు బిగిస్తే పైపలక కుంగుతుంది, నాలుగు తీగలూ కలిసి 100 కిలోల పైనే లాగుతాయి మరి. వయొలిన్ రిపేరు చేసే పెద్దాయనకి ఫోన్ చేస్తే "బాబూ, నా చెయ్యే దూరేంత రంధ్రం, నా దగ్గర అంత పొడుగు పనిముట్టు లేదు" అన్నారు. చివరికి బెంగళూరు నుంచి వచ్చే మనిషి కోసం మూడు వారాలు ఆగాను.

ఒక్కొక్కటే మార్చండి. నట్టు (మెడ పైచివర తీగలు ఆనే ముక్క) గాడిలో, బ్రిడ్జి గాడిలో పెన్సిల్ సీసం రుద్దండి, తీగ జారుతుంది, లేకపోతే బిగించేకొద్దీ బ్రిడ్జి పైభాగాన్ని ఫింగర్‌బోర్డ్ వైపు లాక్కెళ్తుంది. ప్రతి తీగ తర్వాత పక్క నుంచి చూడండి, బ్రిడ్జి వెనక ముఖం పైపలకకి నిలువుగా ఉండాలి. వంగితే రెండు చేతుల్తో మెల్లగా సరిచేయండి.

అన్నట్టు మే నెలలో పక్క అతుకు విడిపోతే భయపడి పక్క సందులో కార్పెంటర్ దగ్గరికి తీసుకెళ్లకండి. నాది తీసుకెళ్లాను. ఆయన ప్రేమగా ఫెవికాల్ పూసి, క్లాంపులు బిగించి, పాలిష్ కూడా కొట్టి ఇచ్చాడు. తోలు, ఎముకలతో కాచే వేడి జిగురు వాడేదే అందుకు: చెక్క ఎండి లాగినప్పుడు పలక చీలకుండా అతుకు వదిలేయాలి. ఇప్పుడు నా అతుకు వదలదు, పైపలక మీద సన్నటి చీలిక వచ్చింది.

నాలుగో_తీగ:
వానాకాలంలో తీగలు పైకి లేచి వేళ్లు నొప్పెడతాయి, ఎండాకాలంలో కిందికి దిగి గరగరలాడతాయి. బ్రిడ్జి కాళ్లకి తిప్పుకునే చక్రాలు ఉంటే ఆ గొడవ లేదు. ఫిష్‌మన్ ఫుల్ సర్కిల్ పికప్ ఆ చక్రంలోనే ఉంటుంది, ఎప్పటికైనా మార్చాలనిపిస్తే అది చూడు.

వాగన్ఆర్_వీరుడు:
ఇక ఇన్సూరెన్స్. నేను కాలినవాణ్ని, కాస్త పొడుగ్గా రాస్తాను.

మొదట్లో ఇంటి పాలసీ ఉందిగా అనుకున్నాను. 2021 ఏప్రిల్ నుంచి ఉన్న భారత్ గృహ రక్ష చదివి చూడండి, అది ప్రధానంగా అగ్నిప్రమాదం, వరద, తుపాను లాంటివాటికి. దొంగతనం ఉంది కానీ, అలాంటి ప్రమాదం జరిగి, దానివల్లే, ఏడు రోజుల్లోపు పోతేనే. మామూలుగా ఎవడో తాళం పగలగొట్టి ఎత్తుకెళ్తే దానికి బర్గ్లరీ పాలసీ వేరే. అందులో బలవంతంగా లోపలికి చొరబడినట్టో బయటపడినట్టో ఆనవాలు కావాలి. ఫంక్షన్ హాల్ గ్రీన్‌రూమ్‌లో తలుపు తెరిచి ఉంచి భోజనానికి వెళ్తే ఆనవాలు ఎక్కడిది?

బయట వాయించేవాళ్లకి కావాల్సింది ఆల్ రిస్క్ పాలసీ, అంటే పేరుపెట్టి మినహాయించినవి తప్ప అనుకోని నష్టాలకి వర్తించేది. అది తీసుకున్నాను, సంతోషించాను. ఒక సంగీత్‌లో లైటు స్టాండ్ పడి నా బాస్ మెడ దగ్గర విరిగింది. రిపేరు బిల్లు 48,000. చేతికి వచ్చింది 30,000 లోపే. ఎందుకంటే కొన్నప్పుడు రెండు లక్షలకి చేయించాను, ఇప్పుడు దాని విలువ 3,20,000 అని సర్వేయర్ తేల్చాడు. తక్కువకి చేయిస్తే నష్టంలో కూడా అదే నిష్పత్తి ఇస్తారు, రెండు బై మూడు పాయింట్ రెండు, అందులోంచి మళ్లీ ఎక్సెస్ (మనమే భరించాల్సిన వంతు) కోత. పాలసీలో ఆ వాక్యం ఉంది, నేనే చదవలేదు.

చేయించేముందు అడగండి: వృత్తిగా వాయించేటప్పుడు వర్తిస్తుందా, కారులో ఒంటరిగా వదిలేస్తే వర్తిస్తుందా (చాలావాటిలో లేదు), ముందే ఒప్పుకున్న విలువ మీద చేస్తారా. తీగలు తెగడం, వాతావరణానికి చెక్క విచ్చుకోవడం సాధారణంగా ఎవరూ ఇవ్వరు. ఫొటోలు తీసి పెట్టుకోండి, లోపలి లేబుల్, తల, పాత చీలికలతో సహా. దెబ్బ తగిలితే సర్వేయర్ చూసేదాకా రిపేరు ముట్టుకోవద్దు, పోతే ఎఫ్‌ఐఆర్ అదే రోజు. క్లెయిమ్ అన్యాయంగా కొట్టేశారనిపిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా రాసి, నెల ఆగి, లక్డీకాపూల్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు తీర్చే అధికారి) ఆఫీసు ఉంది, ఫీజు లేదు.

మంద్రం_తార్నాక:
రిసెప్షన్ అయిపోయింది, రిపోర్టు ఇస్తున్నాను. బాస్‌ని వాగన్ఆర్‌లో ముందు సీటు వాల్చి తల డాష్‌బోర్డ్ దాకా పెట్టి తీసుకెళ్లాను (విడిగా చెప్పిన ఐడియాకి థాంక్స్ వీరుడు గారూ). ప్రీయాంప్ పెట్టగానే బాస్ నిజంగా బాస్‌లా మోగింది, సౌండ్ అతనే తల ఎత్తి చూశాడు. రెండో పాటలో 'ఏ' (A) స్వరం దగ్గర ఊళ మొదలైంది. ఫేజ్ తిప్పాను. ఆగింది! మూడో పాటలో సౌండు చిరిగిపోతూ సన్నగిల్లింది, గుండె ఆగినంత పనైంది, చూస్తే ప్రీయాంప్‌లో 9 వోల్టుల బ్యాటరీ అయిపోయింది. ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ ట్రిగ్గర్ కోసం తెచ్చుకున్నది ఒకటి ఇచ్చాడు, ఆయన చల్లగా ఉండాలి.

తీగలు స్పైరోకోర్ వేశాను, ఒక్కొక్కటిగా, మధ్యాహ్నం మొత్తం పట్టింది. బావ సోలో సెట్ వాపసు చేశాడు.

ఇన్సూరెన్స్ ఏజెంట్ ఇంటికి వచ్చి బాస్ చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. ఆల్ రిస్క్ అనే చెప్పాను. డ్రాఫ్ట్ వచ్చింది, వివరణ దగ్గర "ఫర్నిచర్, చెక్క, 1" అని ఉంది. పర్లేదా?

వాగన్ఆర్_వీరుడు:
పర్లేదా ఏంటి స్వామీ, డబ్బు కట్టొద్దు. పేరు, తయారీ, సైజు, కమాను వేరుగా, పికప్ వేరుగా రాయించు. క్లెయిమ్ రోజు స్టేజి మీద ఫర్నిచర్ ఏం చేస్తోందని అడుగుతారు.

మంద్రం_తార్నాక:
మార్చి పంపారు. ఇప్పుడు "వయొలిన్ (లార్జ్)" అని ఉంది.

వాగన్ఆర్_వీరుడు:
మళ్లీ పంపించు.