స్టాండాఫిష్ అంటే పొగరనా, ముభావమనా?

ఇంగ్లీష్ బాగా వచ్చినవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్. సోమవారం నా మిడ్ ఇయర్ రివ్యూలో మా మేనేజర్ (బ్రిటిష్ ఆయన, లీడ్స్‌లో ఉంటారు) ఇలా రాశారు: "కెన్ కమ్ అక్రాస్ యాజ్ ఎ బిట్ స్టాండాఫిష్ విత్ న్యూ జాయినర్స్". ఇందులో ఫిష్ ఎక్కడ్నుంచి వచ్చిందిరా బాబూ అనుకున్నా, తర్వాత తెలిసింది స్టాండాఫ్‌కి చివర ఇష్ తగిలించారంతే, చేపకీ దీనికీ సంబంధం లేదు.

కేంబ్రిడ్జ్ డిక్షనరీలో చూస్తే కొంచెం స్నేహంగా లేకపోవడం, మరీ ఫార్మల్‌గా ఉండటం అన్నట్టు ఉంది. ట్రాన్స్‌లేట్ యాప్‌లో పదం ఒక్కటే వేస్తే ఒకటి, వాక్యం మొత్తం వేస్తే ఇంకోటి వస్తోంది. మా రూమ్మేట్ ఏమో పొగరుబోతు అనేశాడు, ఇంగ్లీష్ టీచర్ అయిన మా అక్కేమో కాదురా, రిజర్వ్‌డ్ కన్నా ఓ మెట్టు ఎక్కువ, అంటీముట్టనట్టు ఉండటం అంది. పైగా ముందు "ఎ బిట్" ఉంది, బ్రిటిష్ వాళ్లు గట్టిగా అనాల్సిన మాటకి కూడా అది తగిలిస్తారంటారు కదా, నా డౌటంతా అక్కడే.

నేను చేసిందల్లా చాట్‌లో కొత్తవాళ్లు ఏదడిగినా డాక్యుమెంట్ లింక్ పెట్టి "ప్లీజ్ రిఫర్" అని వదిలేయడం, కాల్స్‌లో కెమెరా ఆన్ చెయ్యకపోవడం. ఎవర్నీ ఒక్క మాటన్నది లేదు.

శుక్రవారం లోపు దీనికి రిప్లై కామెంట్ రాయాలి. యూకేలో ఉన్నవాళ్లు లేదా అక్కడివాళ్లతో పనిచేసేవాళ్లు చెప్పండి, ఈ వాక్యంలో స్టాండాఫిష్ అంటే ఆయన నన్ను పొగరు అంటున్నట్టా, కలివిడిగా ఉండవు అంటున్నట్టా?