శిక్ష పడినవాళ్లకు ఆసుపత్రి ఉద్యోగం ఇవ్వొచ్చా? ఎంతవరకు?

కోనసీమ_మేనమామ:
మా అక్క కొడుకు జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) పూర్తి చేశాడు, రిజిస్ట్రేషన్ కూడా వచ్చింది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సెలెక్ట్ అయ్యాడు. జాయినింగ్ ఫారంలో ‘ఎప్పుడైనా కోర్టులో శిక్ష పడిందా?’ అని ఒక ప్రశ్న ఉంది. పడింది. పంతొమ్మిదేళ్లప్పుడు వినాయక నిమజ్జనంలో కొట్లాట, సెక్షన్ 323 (కొట్టి గాయపరచడం) కేసు. ‘ఒప్పేసుకో, ఫైన్‌తో పోతుంది’ అని లాయర్ అంటే ఒప్పుకుని వెయ్యి రూపాయలు కట్టాడు. ఇప్పుడు తెలిసినవాళ్లంతా ‘లేదు’ అని రాసేయమంటున్నారు. మా బావగారేమో శిక్ష పడినవాడు అసలు రోగి దగ్గరికే వెళ్లకూడదంటున్నారు, సొంత కొడుకు గురించే. నాకు రెండూ మింగుడు పడటం లేదు. మీరేమంటారు?

వరంగల్_సిస్టర్:
మీ బావగారి మాట తీసిపారేయకండి అన్నయ్యా. నేను ఐసీయూలో నైట్ డ్యూటీలు చేస్తాను. వెంటిలేటర్ మీద ఉన్న మనిషిని ఎవరు ముట్టుకున్నా కాదనలేరు, అరవలేరు. మార్ఫిన్, ఫెంటానిల్ లాంటి మత్తునిచ్చే నొప్పి మందులు ఉండే అల్మరాకు రెండు తాళాలు. ఒక్క యాంప్యూల్ (ఇంజెక్షన్ మందు ఉండే చిన్న గాజు సీసా) తీసినా రిజిస్టర్‌లో ఇద్దరం సంతకం పెట్టాలి, ఖాళీ యాంప్యూల్ వెనక్కి ఇవ్వాలి. మా మీదే ఇంత కట్టుదిట్టం ఉన్నచోట, కోర్టు దోషి అని తేల్చినవాళ్లను తీసుకోవడం ఎందుకు? వాళ్లకు వేరే ఉద్యోగాలు దొరుకుతాయి. రోగికి మాత్రం నర్సును ఎంచుకునే వీలు లేదు.

రాజమండ్రి_వకీలు:
సిస్టర్ గారూ, ఆ అల్మరాలోంచి మందు దొంగిలించి శిక్ష పడినవాడిని మళ్లీ ఐసీయూలోకి రానివ్వమని నేనూ అనను. రోగి మీద లైంగిక దాడి చేసినవాడైతే జన్మలో రాకూడదు. కానీ నిమజ్జనంలో కొట్టిన దెబ్బకూ ఆ అల్మరాకూ ఏం సంబంధం? చేసిన నేరానికీ చేయబోయే పనికీ లంకె ఉందా అని చూడాలి. అది చూడకుండా ‘శిక్ష’ అన్న ఒక్క మాట పట్టుకుని తలుపు మూసేస్తే రోగికి ఒరిగేదేమీ లేదు.

లింగ నిర్ధారణ నిషేధ చట్టమే తీసుకోండి. కోర్టు అభియోగాలు ఖరారు చేస్తే చాలు, డాక్టర్ రిజిస్ట్రేషన్ సస్పెన్షన్‌కు వెళ్తుంది. శిక్ష పడితే మొదటిసారి 5 ఏళ్లు పేరు తొలగిస్తారు, మళ్లీ చేస్తే శాశ్వతంగా. వృత్తిని అడ్డం పెట్టుకుని చేసిన నేరానికే మొదటిసారి 5 ఏళ్లయితే, వీధి కొట్లాటకు జీవితకాలమా? డాక్టర్ల 2002 నియమావళిలో నైతిక పతనంతో కూడిన నేరాల ప్రస్తావన ఉంది. ఏది నైతిక పతనమో అందులో నిర్వచించలేదు. 1996లో పవన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది 20 రూపాయల జరిమానా! దానికే అతని ఉద్యోగం పోయింది. కోర్టు అతని పక్షాన నిలబడి, ఇలాంటి చిన్న జరిమానాల వల్ల ఉద్యోగాలు పోకుండా చూడమని పార్లమెంటుకు చెప్పింది.

నాకు నిజంగా కోపం తెప్పించేది ‘ఒప్పేసుకో, ఫైన్‌తో పోతుంది’ అన్న సలహా. మేజిస్ట్రేట్ ముందు తల ఊపి రసీదు తీసుకుని బయటికొచ్చిన కుర్రాడు కేసు కొట్టేశారనుకుంటాడు. కాదు, దోషిగా నమోదయ్యాడు. పైగా ఒప్పుకుని వేయించుకున్న శిక్ష మీద, అది ఎంత, చట్టబద్ధమా అన్నంతవరకే అప్పీలు. అదే 323 కేసులో దెబ్బ తిన్నవాడితో రాజీ పడితే నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. ప్రొబేషన్ మీద, అంటే జైలుకు పంపకుండా మంచి నడవడిక షరతు మీద, వదిలినా 1958 చట్టం సెక్షన్ 12 అనర్హత రాకుండా కాపాడుతుంది (శాఖాపరమైన చర్యను ఆపదు, అది వేరే సంగతి). డ్రంక్ అండ్ డ్రైవ్‌లో ఫైన్ కట్టి వచ్చేవాళ్లకు కూడా అదొక శిక్షేనన్న సంగతి తట్టదు.

మేనమామ గారూ, ‘లేదు’ అని మాత్రం రాయించకండి. దాచిపెట్టడం మీద 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జీల తీర్పు ఉంది. చిన్న వయసులో చేసిన చిల్లర నేరాన్ని దాచినా యజమాని క్షమించవచ్చు, తీవ్రమైనదైతే తీసేయవచ్చు. నిజం చెప్పినా పూర్వాపరాలు చూసే హక్కు యజమానికి ఉంటుంది. అది ప్రభుత్వోద్యోగాల తీర్పు. ప్రైవేటులో అయితే వాళ్ల దయ మీ ప్రాప్తం, అబద్ధం దొరికితే ఇంకా తేలిగ్గా పంపేస్తారు.

వరంగల్_సిస్టర్:
లంకె చూడాలన్న మాట ఒప్పుకుంటాను వకీలు గారూ. కొట్లాట కేసులన్నీ ఒకటి కాదు కదా. వార్డులో రోగి తాలూకు వాళ్లు మీదికొస్తారు, మతి స్థిమితం తప్పిన రోగి చెయ్యి చేసుకుంటాడు. చెయ్యి ఊరికే లేచేవాడు అక్కడ ప్రమాదమే. ఒక్కసారి జరిగిందా, అలవాటా అన్నది ఎవరు చూస్తారు? చూసేవాళ్లు లేకపోతే నా ఓటు ఇంకా బావగారికే.

లీడ్స్_లో_మనోడు:
ఇక్కడ బ్రిటన్‌లో చూస్తారు. పాత శిక్షలు కొంతకాలానికి చెల్లిపోయినట్టేనని 1974 చట్టం అంటుంది కానీ ఆరోగ్య ఉద్యోగాలకు ఆ మినహాయింపు పూర్తిగా వర్తించదు. నర్సింగ్ కౌన్సిల్‌కు మనమే చెప్పుకోవాలి. నేరం ఏమిటి, ఎప్పటిది, తర్వాత ఎలా ఉన్నావు అని ఒక్కొక్కరిదీ విడిగా పరిశీలిస్తారు. బాబు రేపు విదేశానికి వస్తానంటే పోలీస్ క్లియరెన్స్ అడుగుతారు, అప్పుడు ఇవాళ్టి ‘లేదు’ మెడకు చుట్టుకుంటుంది.

కోనసీమ_మేనమామ:
‘అవును’ అనే రాయిస్తాను. దాంతోపాటు ఏమేం పెట్టాలి వకీలు గారూ?

రాజమండ్రి_వకీలు:
తీర్పు సర్టిఫైడ్ కాపీకి కోర్టులో ఇవాళే దరఖాస్తు పెట్టండి. ఫైన్ రసీదు, నర్సింగ్ కాలేజీ ప్రవర్తన సర్టిఫికెట్ జతచేయండి. ఏం జరిగిందో అబ్బాయే సొంత మాటల్లో అర పేజీ రాయాలి, మీరు రాసిపెట్టకండి. సిస్టర్ గారు అడిగిన ‘ఒక్కసారా, అలవాటా’కు జవాబు అందులోనే ఉండాలి.