జూలైలో ఫుకెట్: అమ్మతో దీవులు చూడగలమా?

బెజవాడ అబ్బాయి:
అందరికీ నమస్కారం. జూలై చివరి వారానికి థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ దీవికి టికెట్లు తీసేశాం. అమ్మ, మామయ్య, మా ఆవిడ, నేను. తీశాక తెలిసింది అక్కడ అది వానాకాలమని, అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. అమ్మకి మోకాళ్ల నొప్పులు, పడవ ఊగితే భయం, అయినా దీవులు చూడాలని చాలా ఆశ. మామయ్యకి గోల్ఫ్ ఉంటే చాలు. టికెట్లు మార్చుకోమంటారా?

ఉప్పుగాలి:
వద్దండి. మేమూ వానల్లోనే వెళ్లొచ్చాం. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలి కాబట్టి కాటా, కరోన్ లాంటి పడమటి బీచుల్లో అలలు గట్టిగా ఉంటాయి, ఎర్రజెండా కనిపిస్తే మోకాలి లోతు కూడా దిగొద్దు, పైకి మామూలుగానే ఉంటుంది కానీ కింద నుంచి లాగేస్తుంది. తూర్పున ఫాంగ్ నా అఖాతానికి ఫుకెట్ దీవే అడ్డు, అక్కడ నీళ్లు చాలావరకు నెమ్మదిగా ఉంటాయి. అమ్మగారిని అటే తీసుకెళ్లండి. మేం చిన్న రబ్బరు పడవలో ఒక గుహ దాటాం, తెడ్డు వేసే అతను వెల్లకిలా పడుకోమన్నాడు, రాయి నా ముక్కుకి జానెడు దూరంలో వెళ్లింది, అవతలికి వచ్చేసరికి చుట్టూ నిట్టనిలువు కొండలు, మధ్యలో మన కోరింగలో లాంటి మడచెట్లు! మా అత్తగారు నా చెయ్యి వదల్లేదు, కానీ ఇప్పటికీ ఆ మాటే చెప్తారు.

కాకినాడ గోల్ఫర్:
మామయ్యగారిని అక్కడి బ్లూ కాన్యన్ గోల్ఫ్ కోర్సుకి పంపండి. పాత తగరం గనుల నేల అది. 1998లో టైగర్ వుడ్స్ ఎనిమిది స్ట్రోకుల వెనకబాటు నుంచి వచ్చి ఎర్నీ ఎల్స్‌ని ప్లేఆఫ్‌లో (స్కోర్లు సమమైతే పెట్టే అదనపు ఆటలో) ఓడించింది అక్కడే. పొద్దున్నే టీ టైమ్, అంటే ఆట మొదలుపెట్టే వేళ, తీసుకోండి. కాడీని (గోల్ఫ్ కర్రల సంచి చూసుకునే మనిషిని) పెట్టుకోవాల్సిందే, ఎక్కువగా ఆడవాళ్లే ఉంటారు, గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) వాలు వాళ్లకి తెలిసినట్టు మనకి తెలీదు. టిప్పు విడిగా లెక్కేసుకోండి.

సముద్రపు పిట్ట:
సిమిలాన్ దీవులు మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మూసేస్తారు, ఆశ పెట్టుకోకండి. ఫీ ఫీ దీవుల్లోని మాయా బే బీచ్ ఆగస్టు, సెప్టెంబరుల్లో మూత, మీకు జూలై కాబట్టి దొరకొచ్చు, కానీ అక్కడ ఈత కొట్టనివ్వరు. ఫీ ఫీకి స్పీడ్ బోటు వద్దు, ఎగిరెగిరి పడుతుంది, పెద్ద ఫెర్రీ ఎక్కండి. పడవ ట్రిప్పు ఆఖరి రోజున పెట్టుకోవద్దు, వాతావరణం బాలేక ఆపేస్తే ఇంకో రోజు చేతిలో ఉండాలి. అమ్మగారు శాకాహారులైతే పసుపు జెండా మీద ఎర్రక్షరాలున్న హోటళ్లు వెతకండి.

బెజవాడ అబ్బాయి:
చాలా థ్యాంక్స్ అండీ. టికెట్లు మార్చట్లేదు. ఒక్క సందేహం, పడవ ఎక్కడానికి అమ్మ ఇబ్బంది పడుతుందా?

ఉప్పుగాలి:
ఆటు వేళ పడవ రేవుకంటే బాగా కిందికి దిగిపోతుంది, అప్పుడే కష్టం. బుక్ చేసేటప్పుడు మోకాళ్ల సంగతి చెప్పి, ఏ టైమ్‌కి ఎక్కిస్తారో అడగండి.